కంపౌండరు గట్టు

ఈతమానువలస, బొబ్బిలి దగ్గర
ఫిబ్రవరి 9

ఎజ్రాకి,

నీకు ఫోనులో వినపడదు. వాట్సాప్‌లో నువ్వు చూసేది పాటలే. అందుకని ఉత్తరం.

మీ అక్క పోయి నాలుగు నెలలు దాటింది. నేను బాగానే ఉన్నాను. వంట వచ్చింది. పప్పు ఒకటి, చారు ఒకటి.

విషయం ఇది. మన చెరువు గట్టు దగ్గర బాప్తిస్మానికి నీళ్ళలోకి దిగే చోట రాళ్ళు పాచి పట్టాయి. పోయిన అక్టోబరులో ఒక అమ్మాయి జారి మోకాలు చిట్లింది. ఆ రోజు నేను వెళ్ళలేదు. తర్వాత పాస్టరు పృథ్వీరాజ్ గారు చెప్పారు.

మీ అక్క ఏటేటా ఆ రాళ్ళ దగ్గరే నిలబడేది. నీళ్ళలోంచి లేచి వచ్చే ఆడవాళ్ళకి తువ్వాలు కప్పి, నలుగురి చేత చీర తెరలాగ పట్టించి, పొడిబట్టలు కట్టించి పంపేది. ఆ పని ఆమెకి ఎవరూ అప్పగించలేదు. ఆమె ఉండగా ఇంకొకరు చెయ్యనూ లేదు. ఆ తువ్వాళ్ళు పెట్టెలో ఉన్నాయి. సంఘానికి ఇచ్చేస్తారా అని పాస్టరు గారు అడిగారు. ఇంకా ఏమీ చెప్పలేదు.

అక్కడ ఆమె పేరు మీద సిమెంటు మెట్లు కట్టిద్దామని ఉంది. గట్టు మీ నాన్నగారిది. సగం నీది. మిగతా సగం ఆమె తర్వాత నాకు వచ్చిందని రెవెన్యూ వాళ్ళు అంటున్నారు. నాకు ఏదీ వచ్చినట్టు లేదు. నీ మాట కావాలి.

బెన్హర్


ఖరగ్‌పూర్
మార్చి 2

బావకి నీ ఎజ్రా రాసేది,

పైన వందనం లేదు, కింద ప్రేమ లేదు. కాలేజీ నోటీసు బోర్డుకి రాసినట్టు రాశావు. అయినా నాలుగుసార్లు చదివాను. దేవికి పైకి చదివి వినిపించాను. పప్పు ఒకటి, చారు ఒకటి అన్న చోట లేచి లోపలికి వెళ్ళిపోయింది. వచ్చి, "మీ బావని ఇక్కడికి రమ్మని రాయి, కూరలు నాను నేర్పుతాను" అంది. నువ్వు రావని నాకు తెలుసు. రాయమంది కాబట్టి రాశాను.

కట్టించు బావా. ఇందులో అడగడానికేముంది?

ఆ గట్టు అంటే నాకు నాన్నే. మిషన్ ఆసుపత్రిలో మందులు కలిపే కంపౌండరు సెలవు పెట్టి వచ్చి, కూలీలతో పాటు తనూ దిమ్మిస పట్టి, గెడ్డ వాగుకి అడ్డంగా అంత మట్టి వేశాడు. ఊరంతా నవ్విందట. "సుందరరావు మిచ్చరు కలపడమే అనుకున్నాం, మట్టీ కలుపుతాడేటి" అని. నవ్వినవాళ్ళ పిల్లలే తర్వాత ఆ నీటి కింద పొలాలు చేశారు. గట్టు కింద దిగువపేట వెలిసింది. ఇప్పటికీ ఎవర్నడిగినా కంపౌండరు గట్టు అనే అంటారు. సర్కారు కట్టిన దానికి కూడా అంత పేరుండదు.

ఒక్క సలహా. మెట్లు నీటి వైపే వేస్తే పేటలోని ముసలమ్మలు అసలు గట్టెలా ఎక్కుతారు? పోయినసారి ఏసమ్మత్త నన్ను పట్టుకుని నిలదీసింది. "ఒరే ఎజ్రా, పరలోకానికి పోడానికి ముందు ఈ గట్టెక్కాలేట్రా? మోకాళ్ళిక్కడే అరిగిపోతే అక్కడ ఏటి పెట్టుకుని వంగుతాను?" అని. అటువైపూ మెట్లు వెయ్యి. పేట నుంచి ఎక్కి, మీద నాలుగడుగులు నడిచి, ఇటు నీళ్ళలోకి దిగేలాగ, ఒకటే వరసగా. అక్క ఉంటే అదే చెప్పేది.

రాయి మీద ఏ వాక్యం వేయిస్తున్నావో రాయి. పెద్దది వద్దు. ఆమెకి పెద్ద ప్రార్థనలంటే నిద్రొచ్చేది.

నీ ఎజ్రా


ఈతమానువలస
మే 20

ఎజ్రాకి,

మెట్లు అయ్యాయి. నువ్వు చెప్పినట్టే రెండు వైపులా.

మేస్త్రీ గట్టును మెట్ల వెడల్పున అడ్డంగా కోసి కాంక్రీటు పోశాడు. పక్క సందుల్లో ఇసుక పోసి నీళ్ళు పట్టాడు. చెరువు ఎండి ఉంది కాబట్టి పని తొందరగా సాగింది.

ఒక పొరపాటు జరిగింది. నీళ్ళలో నిలబడడానికి వేసిన అరుగు ఎత్తు ఎక్కువైంది. చెరువు నిండినా అక్కడ మోకాలి లోతే వస్తుంది. మనిషిని ముంచాలంటే నడుము లోతు కావాలి. పాస్టరు గారు పరవాలేదన్నారు. అలుగు మీద ఇసుక బస్తాలు పేరిస్తే నీరు ఇంకో మూర లేస్తుందన్నారు. ఎక్కువైన నీరు పోయే దారి ఆ అలుగు ఒక్కటే కదా అన్నాను. అక్టోబరు మొదటి ఆదివారం బాప్తిస్మాలు అవగానే తీసేస్తామన్నారు. సరే అన్నాను.

నూకయ్య సంతోషించాడు. గట్టు కింద ఎక్కువ పొలం కౌలుకి చేసేది అతనే. "మీ దేముడికి నడుంలోతు, మా వరికి ఇంకో తడి. బేరం బాగుంది మేస్టారూ" అన్నాడు.

రాయి మీద వాక్యం వేయించలేదు. బేబీ అని చెక్కించాను. సర్టిఫికెట్లలోని పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. ఫొటో ఒకటి పెడుతున్నాను.

బెన్హర్


ఖరగ్‌పూర్
జూన్ 11

బావా,

ఫొటో అందింది. ఇక్కడి మన తెలుగు సంఘంలో చేతులు మారి మారి మూలలు నలిగిపోయాయి. "ఇది ఎవరి పాప సమాధి?" అని ఒకాయన అడిగాడు. సమాధి కాదయ్యా, మెట్లు, అని అరిచాను. నాకు చెవుడు కదా, నేను మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుందట. ఆయన హడలిపోయాడు.

బేబీ అన్న ఆ ఒక్క ముక్క చాలు. మంచి పని చేశావు.

అక్టోబరుకి నేనూ దేవీ వస్తున్నాం. టిక్కెట్లు తీశాను. ఎందుకని అడగొద్దు. వచ్చాక చెప్తాను. నీ పప్పు, నీ చారు తింటాను. వంక పెడితే అప్పుడడుగు.

నీ ఎజ్రా


ఈతమానువలస
ఆగస్టు 18

ఎజ్రాకి,

చెరువు నిండింది. అలుగు మీద బస్తాలు పేర్చారు.

పేట వైపు మెట్ల పక్కన, గట్టు అడుగున, నేల మెత్తబడింది. కాలు పెడితే దిగుతోంది. వానలకి అనుకున్నాను. కొన్నాళ్ళుగా వాన లేదు. తడి తగ్గలేదు. సన్నగా నీరు ఊరుతోంది. ప్రస్తుతం తేటగా ఉంది.

ధర్మేంద్ర అని నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఇప్పుడు నీటిపారుదల ఇంజనీరు. సెలవు రోజున వచ్చి చూశాడు. మెట్ల మీద కూర్చుని, కాంక్రీటూ మట్టీ కలిసే చోట వేలు దూర్చి చూశాడు. తర్వాత చెప్పాడు.

"సార్, మట్టీ కాంక్రీటూ అతుక్కోవు. మధ్యలో సందు ఉంటుంది. మీరు చెరువు నుంచి పేట దాకా అలాంటి సందు వేసి ఇసుకతో నింపారు. ఇప్పుడు వస్తున్నది తేట నీరు. బురద నీరు వచ్చిందంటే లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టు. అప్పుడు మనుషుల్ని తప్పించడమే, ఇంకేం చేసినా లాభం లేదు."

ఏం చెయ్యాలో కూడా చెప్పాడు. బస్తాలు తీసేయాలి. తూము తెరిచి నీరు దించాలి. మెట్లు పగలగొట్టి, ఆ కోతను బంకమట్టితో పొర మీద పొర వేసి దిమ్మిస కొట్టాలి. ఆఫీసుకి రాయమన్నాడు. సొంత గట్టు కాబట్టి పట్టించుకోరని కూడా అన్నాడు. రాశాను. అలాగే జవాబు వచ్చింది.

నిన్న ఉదయం తూము తెరిచాను. కాసేపటికే నూకయ్య వచ్చాడు. వెనక పేటవాళ్ళు.

"ఏటి సేస్తన్నారు మేస్టారూ? ఇప్పుడు ఒదిలీస్తే సేను పొట్టకొచ్చినప్పుడు ఏటి పెడతాం, మీ సిమెంటా?"

ఊరుతున్న చోటు చూపించాను.

"ఇదా? మా కుమారికి సీరియల్ సూస్తే ఇంతకన్నా కారతాది" అన్నాడు. అందరూ నవ్వారు. అతని భార్య కుమారి కూడా నవ్వింది.

ఏసమ్మ వంగి దోసిట్లో పట్టి రుచి చూసింది. "బాగున్నాయల్లుడా. కుళాయి నీళ్ళకన్నా బాగున్నాయి. పెళ్ళాం పోయిన కాడి నుంచీ నీకు అన్నీ కారిపోతన్నట్టే కనిపిస్తన్నాది."

ఆమె అన్నదాంట్లో నిజం ఉండవచ్చు. అయినా నేల మెత్తగా ఉంది. తూము పూర్తిగా మూయలేదు. సగానికి దించాను.

మెట్లు తీసేయాలి. రాయి ఇంటికి తెస్తాను. ఈ ఏడు బాప్తిస్మాలు వద్దని పాస్టరు గారికి చెప్పాలి. నీ సమ్మతి వచ్చాక చెప్తాను. తొందరగా రాయి.

బెన్హర్


ఖరగ్‌పూర్
ఆగస్టు 30

బావా,

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది మూడోది.

కట్టి ఒక్క వానాకాలం కాలేదు, పగలగొడతానంటావు. గట్టు చెమర్చడం కొత్తా? నాన్న ఉన్నప్పుడూ పేట వైపు తడి ఉండేది. అక్కడ పచ్చగడ్డి మొలిస్తే మేకలు కొట్టుకునేవి. నువ్వు ఆ ఊరికి పెళ్ళయ్యాక వచ్చినవాడివి. నీకు అది లెక్క. మాకు ఇల్లు. ఈ మాట కోపంలో రాశాను. కొట్టెయ్యను. ఇన్నేళ్ళ బంధుత్వంలో ఒక్క కోపమైనా ఉండాలి కదా.

ఇంక అసలు సంగతి.

అరవై రెండేళ్ళు వచ్చాయి నాకు. కంపౌండరు కొడుకుని. ఆదివారం తప్పకుండా గుడిలో కూర్చుంటాను, పాటలు అరుస్తాను. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. నాన్న అడిగినప్పుడు నాకు చెడ్డ స్నేహాలు, చెడ్డ అలవాట్లు. దిగితే అవన్నీ మానాలని భయం. రైలెక్కి పారిపోయి వచ్చాను. ఆయన పోయేదాకా ప్రతి ఉత్తరం చివరా అదే అడిగాడు. తర్వాత అక్క అడగడం మొదలుపెట్టింది.

ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను వచ్చాను కదా. నువ్వు మందులకని కిందికి వెళ్ళావు. నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు లేదు, అయినా నాకోసం అరిచింది. "ఒరే, ఈసారన్నా దిగుతావేట్రా? నాను తువ్వాలట్టుకుని నిలబడతాను." దిగుతానన్నాను. "ఎక్కడ?" అంది. నాన్న చెరువులో, అక్టోబరులో అన్నాను. ఆమె సెప్టెంబరు దాటలేదు. నేను ఆ అక్టోబరులో దిగలేదు.

ఒక్క ఆదివారం బావా. అంతవరకు నీళ్ళు ఉంచు. సోమవారం పొద్దున్న నేనే గునపం పట్టి మెట్లు పగలగొడతాను. సగం నాదన్నావు. నా సగం నీళ్ళు ఉంచమని అడుగుతున్నాను.

ఎజ్రా


ఈతమానువలస
సెప్టెంబరు 12

ఎజ్రాకి,

ఆ మాట ఆమె నాకు చెప్పలేదు. చెప్పే ఓపిక లేకపోయి ఉండవచ్చు. అది మీ ఇద్దరిదీ అనుకుని ఉండవచ్చు.

తూము పూర్తిగా మూశాను. ఆదివారం దాకా.

పొద్దున్నా సాయంత్రం వెళ్ళి చూస్తున్నాను. ఊటను గాజు గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తాను. తేటగానే ఉంది. పేటలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. నీరు బురదగా వస్తే నేను వచ్చి పిలుస్తాను, అందరూ బడి ఉన్న దిబ్బ ఎక్కాలి అని. విన్నారు. కుమారి మాత్రం ఒక ప్రశ్న అడిగింది. "మరి మేకల్ని మేస్టారూ?" మేకల్ని కూడా అన్నాను. నూకయ్య పక్కనుంచి, "ముందు మేకలు, ఆనక నాను. అదీ దీని లెక్క" అన్నాడు.

ధర్మేంద్ర ఫోను చేశాడు. మెట్లు తీశారా సార్ అన్నాడు. తీస్తున్నాం అన్నాను.

తువ్వాళ్ళు ఉతికించాను. సంఘానికి ఇస్తున్నాను. నీకని ఒకటి వేరుగా ఉంచాను. నీలం అంచుది.

రా.

బెన్హర్


పలాస స్టేషను
శుక్రవారం

బావా,

రైలు ఇక్కడ ఆపేశారు. ముందర పట్టాల మీద నీళ్ళట. నీ ఫోను దొరకడం లేదు. దేవి పది సార్లు చేసింది.

ఇంత వాన నేను ఎప్పుడూ చూడలేదు. స్టేషను బయట జీడిపప్పు కొట్టువాళ్ళు రేకులు దించేశారు. దేవి సంచీ మీద కూర్చుని నన్ను తిడుతోంది. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "అరవయ్యేళ్ళు ఆగినోడివి ఎండలొచ్చేదాకా ఆగనేకపోనావేటి?" నిజమే.

బావా, బస్తాలు తీయించు. తూము తెరిపించు. పొద్దున్నుంచి ఈ పట్టాల పక్కన నీళ్ళు పొంగడం చూస్తుంటే నువ్వు ఆగస్టులో రాసిన ఉత్తరం మాటకి మాట గుర్తొస్తోంది. నా ఆదివారం పోతే పోయింది. నేను అడిగింది మర్చిపో. అక్కకి నేను చెప్పుకుంటాను.

కొండదారిన పార్వతీపురం వెళ్ళే లారీ ఒకటి ఉంది. డ్రైవరు ఈ చీటీ పట్టుకెళ్తానన్నాడు. రైలును వెనక్కి తీసుకెళ్తారంటున్నారు.

తెరిచెయ్ బావా.

ఎజ్రా


ఈతమానువలస
అక్టోబరు 16

ఎజ్రాకి,

పలాస నుంచి రాసిన చీటీ మంగళవారం అందింది. గట్టు శనివారమే తెగింది.

శుక్రవారం అంతా వాన. శనివారం తెల్లవారాక వెళ్ళి చూస్తే గ్లాసులో నీరు టీ రంగులో ఉంది. ఇంటింటికీ వెళ్ళాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏసమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. మేకలు కూడా దిబ్బ ఎక్కాయి.

మధ్యాహ్నం కాకముందే మెట్ల పక్క మట్టి కుంగింది. తర్వాత గట్టు. శబ్దం పెద్దగా లేదు. ఘాటురోడ్డు మీద బస్సు గేరు మార్చినట్టు వినిపించింది.

పేటలో ఇళ్ళు లేవు. పొలాల మీద మనిషి మోకాలి ఎత్తున ఇసుక మేట వేసింది. పొట్టకొచ్చిన వరి దాని కింద ఉంది. మెట్లు నిలబడ్డాయి. వాటికి అటూ ఇటూ మాత్రం గట్టు లేదు.

నూకయ్య పోయాడు. అలుగు దగ్గర ఉన్నాడు. దిగువన చింతతోపులో దొరికాడు.

మిగతా అందరూ ఉన్నారు.

బడిలో జనానికి తువ్వాళ్ళు పంచాను. నీలం అంచుది కుమారికి వెళ్ళింది. ఇచ్చాక చూసుకున్నాను.

నువ్వు ఇప్పుడు రావద్దు. ఇంటినిండా మనుషులు ఉన్నారు. పడుకోవడానికి చోటు లేదు.

బెన్హర్


ఖరగ్‌పూర్
నవంబరు 8

బావా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. దేవి తీసి దాచింది. మళ్ళీ వెతుక్కుని తీశాను.

నూకయ్య అలుగు దగ్గర ఎందుకున్నాడు? ఉత్తరం మొత్తంలో ఆ వాక్యం ఒక్కటే నీది కాదు. మేకలు దిబ్బ ఎక్కిన సంగతి కూడా రాసినవాడివి, ఒక మనిషి చావుకి కారణం రాయకుండా వదిలేశావు. అందరూ దిబ్బ మీద ఉంటే అతనొక్కడూ అక్కడేం చేస్తున్నాడు?

ఇంకొకటి. నాకోసమే కదా తూము మూశావు? అవునని రాస్తే ఎలా మోయాలో నాకు తెలియదు. కాదని రాస్తే నమ్మను. అయినా కాదని రాస్తావేమోనని రోజూ పోస్టుమేను సైకిలు కోసం చూస్తున్నాను. నాకు బెల్లు వినపడదు. అందుకని గుమ్మంలోనే కూర్చుంటున్నాను.

ఇక్కడి గుడిలో సిమెంటు తొట్టె ఉంది. అందులో తీసుకో అంటున్నారు. నాకింక నీళ్ళు వద్దు బావా.

ఎజ్రా


ఈతమానువలస
డిసెంబరు 3

ఎజ్రాకి,

అవును. నీకోసం మూశాను.

నీ ఒక్కడి కోసం కాదు. ఆమె నిన్ను అడిగిందని తెలిశాక నాకు తెరవాలనిపించలేదు. ఎవరైనా ఆమె పేరు పక్కనుంచి నీళ్ళలోకి దిగి లేవడం చూడాలని నాకూ ఉండింది. నువ్వు రాయకపోయినా ఇంకేదో కారణం దొరికేదేమో తెలియదు. నువ్వు రాశావు. నేను మూశాను. దీన్ని ఎలా పంచాలో నాకూ తెలియదు.

నూకయ్యను అలుగు దగ్గరికి పంపింది నేను. పేటలోకి పరుగెడుతుంటే ఎదురొచ్చాడు. బస్తాలు లాగెయ్యి అన్నాను. బురద నీరు వచ్చాక మనుషుల్ని తప్పించడమే అని ధర్మేంద్ర చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండగానే అన్నాను. చేతులు ఖాళీగా ఉన్న మనిషి కనిపించాడు, ఒక పని చెప్పాను.

అతను ఆగి, "పెట్టమన్నదీ మీరే, తియ్యమన్నదీ మీరే. మీ కాడ సదువుకున్నోళ్ళు ఎలా పాసయ్యారు మేస్టారూ?" అన్నాడు. నవ్వుతూనే అలుగు వైపు పరుగెత్తాడు. కొన్ని బస్తాలు తీశాడు కూడా. వాటిని గట్టు మీద వరసగా పేర్చి ఉంచాడు, మళ్ళీ పనికొస్తాయని.

కుమారికి ఇదంతా చెప్పాను. ఇల్లు కొట్టుకుపోయిన జాగాలో కూర్చుని వింది. "ఆడు ఎవుల మాటా ఇనడు. మీ మాట ఇన్నాడు" అంది. పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్ళిపోయింది. అక్కడ మేడలు కట్టేచోట పని చేస్తోందట.

ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాను. సొంత గట్టుకి సాయం రాదన్నారు. అయితే ప్రభుత్వానికి రాసిస్తాం, సరిగ్గా కట్టండి అన్నాను. తెగిన గట్టును తీసుకోవడం కుదరదన్నారు. తెగనప్పుడు తీసుకునేవారా అని అడగలేదు.

బెన్హర్


ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 21

బావా,

నువ్వు కాదని రాయలేదు. రాయనందుకు కొన్నాళ్ళు నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

ఏసమ్మత్త మనవరాలు దేవికి ఫోను చేసిందట. పేటవాళ్ళు ట్రాక్టర్లు పెట్టి గండి పూడుస్తున్నారట. మళ్ళీ అక్కడే పాకలు వేస్తున్నారట. నిజమేనా? బంకమట్టి వేస్తున్నారా? దిమ్మిస కొడుతున్నారా? ఎవరు చూస్తున్నారు దగ్గరుండి?

ఆపు బావా. గట్టు మనది. నా సగానికి నేను ఒప్పుకోనని ఈ ఉత్తరం చూపించు. కావాలంటే స్టాంపు కాగితం మీద రాసి పంపుతాను. పోయిన ఏడు ఉంచమన్నవాణ్ణి ఇప్పుడు వద్దంటున్నానని నవ్వుతారు. నవ్వనీ.

ఎజ్రా


దిగువపేట
జూన్ 24

ఎజ్రాకి,

ఆలస్యంగా రాస్తున్నాను. చెప్పడానికి ఏదైనా మంచి సంగతి ఉంటుందేమోనని చూశాను.

నీ ఉత్తరం పేటవాళ్ళకి చదివి వినిపించాను. ఏసమ్మ మొత్తం విని, "మట్టికి సంతకం కావాలేటల్లుడా?" అంది. "నీళ్ళు నేకపోతే ఏటి తింతాం? ఈ కాగితమా?" ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వులో కోపం లేదు. ఆ చెరువు లేకపోతే ఇక్కడ ఒక్క పంట కూడా రాదు. వేరే చోట ఇళ్ళు వేసుకోవడానికి వాళ్ళకి జాగా లేదు. నా ఇంటి పెరడు ఇస్తానన్నాను. రెండు కుటుంబాలు వచ్చాయి. అంతకంటే పట్టదు.

పొలాల మీద మేట వేసిన ఇసుకనే తీసి గండిలో పోశారు. రెండు పనులూ ఒకేసారి అయిపోయాయి. బంకమట్టి దూరం. దిమ్మిస కొట్టలేదు. ట్రాక్టరును దాని మీద అటూ ఇటూ తిప్పారు. ధర్మేంద్రను తీసుకొచ్చాను. ఈసారి అతను మెట్ల మీద కూర్చోలేదు. చూసి, "సార్, మీరైనా ఇక్కడ ఉండకండి" అని వెళ్ళిపోయాడు.

మెట్లు లోపలే ఉన్నాయి. ముందు వాటిని తీసేద్దామన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. బేబీ పేరుంది, ఎలా కొడతాం అన్నారు. నేనే గునపం పట్టుకెళ్ళాను. కాంక్రీటు గట్టిది. పెచ్చులు తప్ప ఊడలేదు. ఏసమ్మ మనవరాలు వచ్చి గునపం నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. నీడలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మర్నాడు చూస్తే నేను కొట్టిన చోటంతా సిమెంటు పూత పూసి ఉంది.

పాస్టరు గారు బస్తాలు పెట్టనని మాట ఇచ్చారు. నేను సాధించింది అదొక్కటే. అక్టోబరులో బాప్తిస్మాలు ఉంటాయట. పదకొండు మంది పేర్లు ఇచ్చారు.

నూకయ్య ఇంటి జాగా ఖాళీగా ఉంది. కుమారి తిరిగి రానంది. ఫోను చేసి ఆ జాగాలో ఉండనా అని అడిగితే, "మీకెందుకు మేస్టారూ అక్కడ" అంది. అయినా ఉండమంది. అక్కడ పాక వేసుకున్నాను. ఊళ్ళో ఇల్లు ఆ రెండు కుటుంబాలకి వదిలేశాను. పేట మొత్తంలో గట్టుకి అన్నిటికంటే దగ్గర ఈ పాకే. వద్దని చెప్పడానికి దిబ్బ మీదనుంచి దిగి వచ్చే మనిషి మాట వీళ్ళు వినరు. ఇక్కడినుంచి చెప్పినా వినడం లేదు. కానీ గట్టు సొంతదారుడు ఉండాల్సింది ఇక్కడే అనిపించింది. మొదట మీ నాన్నగారూ ఇక్కడే పాక వేసుకుని ఉండేవారని ఏసమ్మ చెప్పింది.

వానలు మొదలయ్యాయి. చెరువులో సగానికి నీరు వచ్చింది. మెట్ల పక్కన నేల ఇంకా గట్టిగానే ఉంది.

నువ్వు రావద్దు. ఉత్తరాలు మాత్రం ఈ చిరునామాకి రాయి. పోస్టుమేనుకి చెప్పాను.

బెన్హర్